గోలేటికి ఆరు చైనా మాటలు

గోదావరిఖని,
14 జూన్ 2009

ప్రియమైన నర్సింగం బావకు,

స్తెఫను రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. రెజీనా నిన్నూ, పూలమ్మ అక్కనూ అడిగినట్టు రాయమంది. రాశాను. క్షేమసమాచారాలు అయిపోయాయి. ఇక అసలు సంగతి. మూడు రోజులుగా నాకు కూర్చుంటే కూర్చోబుద్ధి కావడం లేదు, నిలబడితే నిలబడబుద్ధి కావడం లేదు.

మా వర్కుషాపుకు చైనా వాళ్ళు నలుగురు వచ్చారు. బొగ్గు కోసే పెద్ద యంత్రం ఒకటి ముక్కలుముక్కలుగా పెట్టెల్లో వస్తోంది. ఆ పెట్టెలన్నీ విప్పి చూసుకుని, తర్వాత ఏ గనికి పంపాలో అక్కడికి పంపుతారట. వాళ్ళ ఇంజనీరు పేరు గువో. నా అంత వయసు, నాకంటే పొట్టి, నవ్వితే కళ్ళు కనిపించవు. అతనికి హెల్పరుగా నన్ను వేశారు. ఎందుకని ఫోర్‌మన్‌ను అడిగితే, "నీ మాటలు అర్థమై మేం సచ్చిపోతున్నం స్తెఫనూ! అర్థం కానోని దగ్గర ఉండు, అందరికీ నిమ్మళం" అన్నాడు.

గువో చేతిలో ఎప్పుడూ ఒక చిన్న యంత్రం ఉంటుంది. అరచేయంత. దానికి ఒక పుల్ల లాంటి పెన్ను. తెర మీద ఆ పుల్లతో ఒక బొమ్మ గీస్తాడు. బొమ్మ అంటే వాళ్ళ అక్షరం. యంత్రం దాన్ని గుర్తుపట్టి కింద ఇంగ్లీషులో చెబుతుంది. పుల్ల వద్దనుకుంటే మీటలు నొక్కుతాడు. ఇంగ్లీషు అక్షరాలు రెండు మూడు కొట్టగానే కింద వరసగా బొమ్మలొస్తాయి. సంతలో వంకాయలు ఏరినట్టు అందులోంచి ఒకటి ఏరుకుంటాడు. ఆ ఇంగ్లీషును మా ఆఫీసు క్లర్కు యేసుకుమార్ చదివి నాకు తెలుగులో చెబుతాడు. మేమిద్దరం ఒక బోల్టు గురించి మాట్లాడుకోవాలంటే ముగ్గురు మనుషులు, ఒక యంత్రం, అరగంట కావాలి.

ఇప్పుడు విను. నీ బిడ్డ రమ నీకు కొనిచ్చిన ఫోను లాంటిదే నేనూ లక్ష్మీనగర్‌లో కొన్నాను. అది కూడా చైనాదే. దానికీ పుల్ల ఉంది. పోయిన నెల యేసుకుమార్ ఫోనులోంచి నీకు తెలుగులో మెసేజ్ కొట్టిస్తే నీ ఫోనులో అన్నీ ఖాళీ పెట్టెలు పడ్డాయని రాశావు కదా. ఇంగ్లీషులో కొడదామంటే నీకు రాదు, నాకు వచ్చినట్టు నటించడం తప్ప రాదు. ఉత్తరం రాస్తే నాలుగు రోజులు. ఫోను చేస్తే నీకు వినబడదు. వాళ్ళ అక్షరాలు వేలకు వేలట బావా, అవన్నీ ఆ అగ్గిపెట్టెంత తెరలో ఇముడుతున్నాయి. మనవి యాభై ఆరు, ఒక్కటీ ఇమడదు. ఫోను చేసినవాడికి మన ఊరు తెలియదు, అంతే.

అందుకే నాకో ఆలోచన వచ్చింది. నువ్వూ నేనూ చైనా అక్షరాల్లోనే మాట్లాడుకుందాం. ఎలా పలకాలో నీకెందుకు, నాకెందుకు? బొమ్మ చూస్తే అర్థం తెలిస్తే చాలు. గువోను అడిగి ఆరు మాటలు రాయించుకున్నాను. ఇందులో కాగితం పెడుతున్నాను. మొదటిది నమస్కారం. రెండోది బాగున్నావా. మూడోది బాగున్న. నాలుగోది తిన్న. ఐదోది డ్యూటీకి పోతున్న. ఆరోది వస్తున్న. ఫోనులో అక్షరాలు గీసే కిటికీ ఎక్కడుందో రమ వచ్చినప్పుడు చూపిస్తుంది. నమస్కారం మాత్రం ఎప్పుడూ మరిచిపోకు. ముందు అది పెట్టి ఆ తర్వాతే మిగతావి.

నీ మెసేజ్ కోసం కళ్ళు కాయలు కాసేలా చూసే,
స్తెఫను


గోలేటి,
30 జూన్ 2009

స్తెఫను బావకు,

నర్సింగం రాసేది. నీ ఉత్తరమూ కాగితమూ అందాయి. మొదట నీ మీద కోపం వచ్చింది. ఐదో తరగతి చదివినవాణ్ణి, తల నెరిసినవాణ్ణి, నాతో చైనా అక్షరాలు దిద్దిస్తాడా అనుకుని కాగితం మడిచి సంచిలో పడేశాను. రెండు రోజుల తర్వాత మళ్ళీ తీశాను. తీయకపోతే చేసేదేముంది?

చెవులు పోయి ఆరేళ్ళు. డ్రిల్లు మిషను దగ్గర ఇరవై ఏళ్ళు ఉన్నవాణ్ణి, ఇప్పుడు ఆఫీసులో నీళ్ళ కుండలు నింపుతున్నాను. కుండ నిండితే చప్పుడు మారుతుందట, నాకు తెలియదు, వేలు పెట్టి చూసుకుంటాను. మనుషులు నోళ్ళు కదుపుతారు. ఏమన్నా చెప్పాలంటే నా జేబులోని నోటుబుక్కులో రాస్తారు. మొదట్లో నాలుగు వరసలు రాసేవారు. తర్వాత ఒకటి. ఇప్పుడు చేత్తో కుండ చూపిస్తారు.

అందుకని దిద్దాను. అక్షరం ఎలా పడితే అలా గీస్తే ఫోను ఒప్పుకోదు బావా. అదే బొమ్మను కింది నుంచి గీస్తే వేరే ఏదో చూపిస్తుంది. వారం రోజులు తిప్పలు పడ్డాక పట్టుకున్నాను. పైది ముందు, కిందిది తర్వాత. ఎడమది ముందు, కుడిది తర్వాత. చుట్టూ గోడ ఉంటే ముందు గోడ, తర్వాత లోపలిది, చివర తలుపు. అగ్గిపుల్లతో యార్డు దుమ్ములో గీస్తాను. కూర్చున్నచోట వేలితో తొడ మీద గీస్తాను. పూలమ్మ చూసి నాకు గజ్జి పట్టిందని దవాఖానకు తీసుకుపోతానని సైగ చేసింది.

నాలుగోది, తిన్న అనేది, అన్నిటికంటే కష్టం. ఫోను తెర మీద నల్లటి ముద్దలా ఉంటుంది. కళ్ళద్దాలు తీసి దగ్గర పెట్టుకుని చూస్తే లోపల సన్నటి పళ్ళు కనబడ్డాయి. తినడానికి పళ్ళు కావాలి కదా, బాగానే పెట్టారు అనుకున్నాను. ఆరోది, వస్తున్న అనేది, తోకతో సహా తాబేలులా ఉంది. నాలాగా నిదానంగా వచ్చేవాళ్ళ కోసం చేశారేమో.

నా మెసేజ్‌లు నీకు రోజూ అందుతున్నాయి కదా. నీ జవాబు వచ్చినప్పుడు చొక్కా జేబులో ఫోను వణుకుతుంది. ఆ వణుకు గుండె మీద తెలుస్తుంది. రమకు కూడా ఆ ఆరు మాటలూ నేర్పాను. ఆమెదీ అదే రకం ఫోను. కరీంనగర్‌లో నర్సు ట్రైనింగులో ఉండి రోజూ పొద్దున బాగున్నావా అని పంపుతుంది. బాగున్న అని నేను పంపుతాను. ఆరేళ్ళలో నా బిడ్డ నన్ను పొద్దున్నే పలకరించడం ఇదే మొదలు. ఆ పుణ్యం నీదే.

ఇక అసలు సంగతి. మీ చైనా వాళ్ళు వచ్చే నెల ఇక్కడికే వస్తున్నారు. యంత్రాన్ని మా యార్డులో జోడిస్తారట. నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. చైనా ఇంజనీరుకు యార్డులో ఒక సహాయకుడు కావాలి, వాళ్ళ అక్షరాలు కొంచెమైనా గుర్తుపట్టేవాడు పేరు ఇవ్వాలి, ఆగస్టు మూడున పరీక్ష. నేను పేరు ఇచ్చాను.

క్లర్కు నా నోటుబుక్కులో ఏం రాశాడో తెలుసా? "నీకెందుకే గీ పరేషాన్?" నేను ఫోను తీసి అతని ముందే ఆరు మాటలు గీసి చూపించాను. నోరు తెరిచాడు. చప్పుడు నాకు అవసరం లేకపోయింది.

సెప్టెంబరులో మెడికల్ బోర్డు నన్ను పిలిచింది. ఈసారి పనికిరాడని రాసి ఇంటికి పంపేస్తారని అందరికీ తెలుసు. ఇంట్లో కూర్చుంటే గోడలూ నేనూ. యార్డు పని దొరికితే ఉంచుతారు. ఇది నాకు చివరి దారి బావా. గువో సాబుకు నా గురించి ఒక మాట చెప్పు.

నీ మేలు మరువని,
నర్సింగం


గోదావరిఖని,
6 జూలై 2009

ప్రియాతి ప్రియమైన బావకు,

నీ ఉత్తరం చదివి సంతోషించాను. సంతోషించాను కానీ, ఆ పరీక్ష సంగతి ఒకసారి ఆలోచించు.

చైనా వాళ్ళతో పని అంటే మామూలు కాదు. గువో అన్నానికి పదకొండున్నరకే లేస్తాడు. నీకు ఒంటిగంటకు గానీ ఆకలి కాదు. వేడినీళ్ళు తాగుతాడు, జూన్ నెలలో! పక్కన నిలబడితే మనకు చెమటలు. పైగా కోపిష్టి. మొన్న ఒక నట్టు కనబడకపోతే స్పానరు నేలకేసి కొట్టాడు. పరీక్షలో ఆ ఆరు మాటలు అడగరు బావా, యంత్రం మాటలు అడుగుతారు. అవి రాక నలుగురిలో తల దించుకోవడం ఎందుకు? పేరు వెనక్కి తీసుకో. కడుపునొప్పి అని రాసిచ్చెయ్. బోర్డు సంగతి మనం వేరే చూద్దాం. యూనియన్‌లో నాకు తెలిసినవాళ్ళున్నారు.

ఇంకొకటి. రమకు ఆ మాటలు పంపడం కొన్నాళ్ళు ఆపు. ఎందుకంటే ఫోను పాడవుతుంది. మా దగ్గర ఒకరిది పాడైంది.

పరీక్షకు పోకు. నా మాట విను.

నీ స్తెఫను


గోలేటి,
13 జూలై 2009

స్తెఫనుకు,

విను అని నాకు రాశావు. సరే.

ఇక్కడ నేను పేరు ఇచ్చిన రోజు నుంచి నవ్వుతున్నారు. నవ్వు చప్పుడు వినబడకపోయినా భుజాలు కదలడం కనబడుతుంది. ఒకడు నా నోటుబుక్కులో రాశాడు, "తాతా, చైనావోడు పిలిస్తే ఎట్ల ఇంటవే?" నేను కింద రాశాను, "ఆయన మాట వినబడేటోళ్ళకు అర్థమైతదా?" అది చదివి పోయాడు.

వాళ్ళు నవ్వితే నవ్వనీ. నువ్వు కూడా వద్దంటే నాకు అర్థం కాలేదు. చెవులు పోయినవాడికి బుర్ర కూడా పోయిందనా నీ లెక్క? ఇరవై ఏళ్ళు ఒకే రేకు కప్పు కింద సద్దులు విప్పుకున్నవాళ్ళం. ఒకే రోజు పనిలో చేరి, లాంపు రూములో హాజరు బిళ్ళలు తీసుకుని, ఏ చుట్టరికం లేకున్నా బావలమయ్యాం. నీకు కడుపునొప్పి వస్తే నీ డ్యూటీ నేను చేశాను. ఇప్పుడు నన్ను కడుపునొప్పి అని అబద్ధం రాసియ్యమంటావా?

ఫోను పాడవుతుందంటే రమ నవ్వింది. మా ఇద్దరి మెసేజ్‌లూ నడుస్తూనే ఉన్నాయి.

నీకు నిజంగా నా మీద ప్రేమ ఉంటే గువో దగ్గర ఇరవై మాటలు రాయించి జల్ది పంపు. యంత్రం మాటలు. మోటారు, గొలుసు, బోల్టు, పైపు, ఆపు, తిప్పు. పరీక్షకు ఇరవై రోజులే ఉంది. రోజుకు ఒకటి అయినా నేర్చుకుంటాను.

నర్సింగం


బెల్లంపల్లి బస్టాండు,
25 జూలై 2009

ప్రియమైన నర్సింగం,

ఈ ఉత్తరం బస్టాండు హోటల్లో కూర్చుని రాస్తున్నాను. చాయ్ మూడోది. బల్ల ఊగుతోంది, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు. అది అనవసరం. అనుకో. ఏమైనా అనుకో.

నీ ఉత్తరం నాకు అందేసరికి గువో రెండు రోజుల ముందే పెట్టెలతో మీ వైపు బయలుదేరిపోయాడు. ఇరవై మాటలు అడగడానికి మనిషి లేడు. యేసుకుమార్ దగ్గరికి పరిగెత్తితే "నాకొచ్చేది ఇంగ్లీషే, అన్నా" అన్నాడు. నిన్న సెలవు పెట్టాను. ఇవాళ పొద్దున్నే బస్సెక్కి మీ గోలేటికి వచ్చాను.

అవును, వచ్చాను. మీ యార్డు గేటు దగ్గర నిలబడ్డాను. నువ్వు కుండల పక్కన గొంతుక్కూర్చుని అగ్గిపుల్లతో దుమ్ములో గీస్తున్నావు. గీసి, అరచేత్తో తుడిచి, మళ్ళీ గీస్తున్నావు. పదిహేను అడుగుల దూరం. నీది అటు వైపు ముఖం. పిలవాలని నోరు తెరిచాను, అప్పుడు గుర్తొచ్చింది. లోపలికి రావడానికి గేటు తెరిచే ఉంది. అయినా రాలేదు. తిరిగి ఇక్కడిదాకా వచ్చి పడ్డాను. ఎదురుగా నిలబడి నీ నోటుబుక్కులో రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నేను పంపిన ఆరు మాటలూ అబద్ధం.

నమస్కారం అని చెప్పింది పంది. బాగున్నావా అన్నది గాడిద. బాగున్న అన్నది మరుగుదొడ్డి. తిన్న అన్నది ఎలుక. డ్యూటీ అన్నది కంపు. వస్తున్న అన్నది నువ్వు అనుకున్నట్టు తాబేలే, వాళ్ళ దగ్గర అది పెద్ద తిట్టట.

నాకు మంచి మాటలు రాయించుకోవాలని తట్టనే లేదు. సుద్దముక్కతో వర్కుషాపు నేల మీద పంది బొమ్మ వేసి గుర్రుమన్నాను. గువో నవ్వి అక్షరం రాసిచ్చాడు. గాడిద వేసి ఓండ్ర పెట్టాను. వర్కుషాపు అంతా పడి నవ్వింది. నువ్వు రోజూ నాకు పంది అని పంపుతుంటే, నేను గాడిదా అని పంపి, మరుగుదొడ్డి అని నీ నుంచి జవాబు వస్తే అందరికీ చూపించి నవ్వించాలనుకున్నాను. చూపించాను. నవ్వారు. నేనూ నవ్వాను.

నాలుగో రోజు గువో నా ఫోను తీసుకుని నీ మెసేజ్‌లు కింది నుంచి పై దాకా చదివాడు. మొదట నవ్వాడు. తర్వాత తన యంత్రంలో ఏదో కొట్టి చూపించాడు. యేసుకుమార్ చదివాడు, "ఎవరీయన, అని అడుగుతుండు." నేను రెండు చెవులూ మూసుకుని చూపించాను. గువో నవ్వు ఆపేశాడు. మళ్ళీ కొట్టాడు. "రోజూ జవాబు ఇస్తడా, అంటుండు." ఇస్తాడని తల ఊపాను. నా ఫోను నాకిచ్చేసి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నాకు ఏ పనీ చెప్పలేదు. అప్పుడే నీకు రాసి ఉండాల్సింది. రెండు రోజులు ఆగుదాం, ఇంకా ఒక్క నవ్వు నవ్వుకుందాం అనుకున్నాను. అంతలో రమకు నేర్పానని నీ ఉత్తరం వచ్చింది.

నీ బిడ్డతో నిన్ను గాడిద అనిపించాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి మూడు చాయ్‌లు పట్టాయి.

మా గనిలో అందరి సద్దిగిన్నెల మూతలు మార్చాను, ఓవర్‌మన్ టోపీలో కప్పను పెట్టాను, ఫోర్‌మన్ పెళ్ళిరోజున లేని చుట్టాన్ని పిలిచాను. అవన్నీ మర్నాటికి నవ్వైపోయాయి. ఇది కాలేదు.

ఆగస్టు మూడున గువో ముందు కూర్చుని నమస్కారం అనుకుని ఆ మొదటి బొమ్మ గీయకు. అతనికి తెలుసు అది నేను నేర్పిందని. తెలిసినా నీ ఆఫీసరు ముందు ఏమవుతుందో నాకు తెలియదు. పేరు వెనక్కి తీసుకోమని ఇప్పుడు అనను. నాకు ఆ హక్కు లేదు. ఈ ఉత్తరం పరీక్షకు ముందు నీకు చేరితే చాలు.

తిట్టు. కానీ రాయి.

స్తెఫను


గోదావరిఖని,
5 ఆగస్టు 2009

ప్రియమైన బావా,

పరీక్ష అయిపోయి రెండు రోజులైంది. ఏమైందో ఒక్క ముక్క రాయి. ఉత్తరం చేరిందో లేదో కూడా తెలియడం లేదు. మా పోస్టుమాన్ సదయ్యను రోజూ వీధి చివరే ఆపుతున్నాను. నిన్న సైకిలు దిగకుండానే అరిచాడు, "లేదే! ఉంటే ఇయ్యనా? నేనేమన్న దాచుకుంటనా?"

రెజీనాకు చెప్పాను. రెండు రోజులుగా అన్నం గిన్నె నా ముందు పెట్టి, మాట్లాడకుండా లోపలికి పోతోంది. బైబిలు తీసి చదువుతోంది, నాకు వినబడేట్టు మాత్రం కాదు.

ఫోనులో నీకు ఏమని పంపను? నా దగ్గర ఉన్నవి ఆరే మాటలు, ఆరూ తిట్లే. అయినా పంపుతున్నాను, నీ జేబులో వణికితే నేనేనని తెలుస్తుంది కదా అని. మొదటి బొమ్మే పంపుతున్నాను. దాని అర్థం ఇప్పుడు నీకు తెలుసు. అది నా పేరే అనుకో.

స్తెఫను


గోదావరిఖని,
11 ఆగస్టు 2009

నర్సింగం,

ఇవాళ కూడా లేదు. వర్కుషాపు వదిలి గనిలో రాత్రి షిఫ్టు అడిగి వేయించుకున్నాను, ఇంట్లో ఉండలేక. గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు కదా, గేటు దగ్గర పెట్టి దిగుతాను. కింద ఎనిమిది గంటలూ పైన వణికిందేమో అనే ఆలోచనే. ఎక్కి వచ్చి చూస్తే ఏమీ ఉండదు.

పని దొరకలేదా? ఆ సంగతైనా చెప్పు. ఒక్క గీత గీసి పంపినా చాలు.

స్తెఫను


గోలేటి,
19 ఆగస్టు 2009

స్తెఫను బావకు,

నీ ఉత్తరాలు మూడూ అందాయి. బెల్లంపల్లి నుంచి వేసింది జూలై ఇరవై తొమ్మిదినే, పరీక్షకు ఐదు రోజుల ముందే వచ్చింది. చదివాను. చదివి, కుండలు సగంలో వదిలేసి ఇంటికి పోయి పడుకున్నాను. జ్వరమనుకుని పూలమ్మ నుదురు పట్టుకుని చూసింది. ఆమెకు ఏమని సైగ చేయను? గాడిదకు సైగ ఉంది కానీ, స్నేహితుడు చేసిన గాడిదకు లేదు.

మర్నాడు పేరు కొట్టెయ్యమని చెప్పడానికి ఆఫీసుకు పోయాను. క్లర్కు నన్ను చూడగానే కుండ చూపించాడు. ఇక పేరు కొట్టెయ్యమని నేను అడగలేదు.

పరీక్ష ఎలా జరిగిందో చెబుతాను. ఐదుగురం. ఇద్దరు ఐటీఐ చదివినవాళ్ళు, ఒకడు కంప్యూటరు నేర్చినవాడు, ఒకడు లింగమూర్తి అని ఆఫీసరుకు తెలిసినవాడు, నేను. యార్డులో నాలుగు వందల పెట్టెలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఒక్కో పెట్టె మీద వాళ్ళ అక్షరాలు నాలుగైదు. గువో తన చేతి యంత్రంలో ఒక పెట్టె పేరు పుల్లతో రాసి చూపిస్తాడు. మనం చూసి, పోయి, ఆ పెట్టె ఎక్కడుందో కనిపెట్టి మీద సుద్దతో గీత పెట్టాలి. అర్థం చెప్పమని ఎవరూ అడగలేదు బావా. అక్కడ అర్థం ఎవరికీ అక్కర్లేదు. ఆకారం గుర్తుంటే చాలు.

కంప్యూటరువాడు ఇంగ్లీషు చూపించమని అడిగాడు. పెట్టెల మీద ఇంగ్లీషు లేదు. లింగమూర్తి అరచేతిలో పెన్నుతో రాసుకుని పరిగెత్తాడు, చెమటకు చెరిగిపోయింది. ఆ అక్షరాల్లో కొన్ని అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒక గీతే తేడా. నా వంతు వచ్చింది. గువో రాస్తుంటే నేను బొమ్మను చూడలేదు, పుల్లను చూశాను. ఏది ముందు గీశాడు, ఏది తర్వాత గీశాడు. వేలితో తొడ మీద అదే వరసలో గీసుకుంటూ నడిచాను. నెల రోజుల పందీ గాడిదా నా వేళ్ళకు అలవాటైపోయాయి కదా. మొదటి పెట్టె దొరికింది. రెండోది, మూడోది. ఐదుకు ఐదు. గడియారం పట్టుకున్న ఆఫీసరు రెండుసార్లు పోయి చూసుకుని వచ్చాడు.

అప్పుడు గువో నన్ను కూర్చోబెట్టి తన యంత్రం నా చేతికిచ్చాడు. పెట్టె మీదున్నది రాయమని చూపించాడు. రాశాను. ఒక్కసారికే యంత్రం గుర్తుపట్టింది. ఇంకొకటి రాశాను, గుర్తుపట్టింది. ఆఫీసరు నా నోటుబుక్కు తీసుకుని రాశాడు, "ఎవరు నేర్పారని అడుగుతుండు."

నేను నీ మొదటి బొమ్మ గీసి చూపించాను.

ఆ పరీక్షలో అర్థం తెలిసి నేను రాసిన మాట అదొక్కటే. గువో కళ్ళు కనిపించకుండా పోయాయి. బల్ల మీద తల పెట్టి భుజాలు ఊగేట్టు నవ్వాడు. తర్వాత తల ఎత్తి, ఒక వేలు నా వైపు చూపించి, రెండు చెవులూ మూసుకున్నాడు. నువ్వు చూపించినట్టే. నేను తల ఊపాను. అతను లేచి నా చేయి పట్టుకుని ఊపాడు. పక్కవాళ్ళు చప్పట్లు కొట్టారట, తర్వాత నోటుబుక్కులో రాస్తే తెలిసింది.

పని నాకే ఇచ్చారు. యంత్రం జోడించడం అయ్యేదాకా. ఎనిమిది నెలలని అంటున్నారు. ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు. బోర్డు ముందుకు పోవాల్సిందే. కానీ ఈ మనిషి యార్డుకు కావాలి అని ఆఫీసరు రాసి పంపాడు. ఆరేళ్ళలో నా కాగితాల్లో ఎవరూ అలాంటి మాట రాయలేదు. యార్డంతా సుత్తుల మోతట, మిగతావాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుంటారు. మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు కాబట్టి అందరూ నాతో మాట్లాడినట్టే చేతులతో మాట్లాడుకుంటున్నారు. అక్కడ నేనొక్కణ్ణే వేరు కాదు.

రమకు సంగతంతా రాశాను. బాగున్నావాకు అసలు అక్షరాలు గువోతో రాయించి పంపాను. నేర్చుకుంది. అయినా పొద్దున్నే గాడిద అనే పంపుతుంది. నేను మరుగుదొడ్డి అని పంపితే హాస్టల్లో నవ్వి నవ్వి పొలమారిందట. అది మా ఇద్దరిదీ. నువ్వు అందులో వేలు పెట్టకు.

ఇక నీ సంగతి. నేను కావాలనే రాయలేదు. మొదటి వారం కోపంతో. పరీక్ష అయ్యాక కోపం తగ్గింది, అయినా రాయలేదు. నా జేబులో ఫోను ఇరవై ఒక్కసార్లు వణికింది, ప్రతిసారీ నువ్వేనని తెలుసు. నీకు ఏమీ వినబడకుండా ఇంకొన్నాళ్ళు ఉండనీ అనుకున్నాను. అవతల మనిషి ఉన్నాడు, నోరు కదుపుతున్నాడో లేదో కూడా తెలియదు, నవ్వుతున్నాడో తిడుతున్నాడో తెలియదు. దాన్ని నోటుబుక్కులో రాసి నీకు చెప్పలేను బావా. మూడు వారాలు నువ్వే చూశావు. నాది ఆరేళ్ళు. వర్కుషాపు నేల మీద గాడిద బొమ్మ వేసినప్పుడు నీకు ఇది తెలియదు. ఇప్పుడు తెలుసు. ఇంక ఆ సంగతి ఎత్తను. నువ్వూ ఎత్తకు.

రాత్రి షిఫ్టు మానెయ్. రెజీనా చెల్లెకు నేను రాశానని చెప్పు, అన్నం పెట్టి మాట్లాడుతుంది.

వచ్చే ఆదివారం యార్డుకు సెలవు లేదు, నేను అక్కడే ఉంటాను. రా. ఈసారి గేటు దగ్గర నిలబడి తిరిగిపోకు. నువ్వు పిలిస్తే నాకు వినబడదు. లోపలికి వచ్చి భుజం మీద చేయి వెయ్యి.

నర్సింగం